పురుగుల వరండాకు వెచ్చని నేల

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండప్పా, కడాకు వచ్చేసరికి మీకు నవ్వు రాకపోవచ్చు. నాకైతే వారం దినాలుగా నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, జలుబు మాత్రం వచ్చింది. పదహారేండ్లుగా ఈ కంపెనీలో నా పని ఏమి? ఇంకొకరు చేసిన పార్టులో తప్పు పట్టేది, ఎర్ర ట్యాగ్ కట్టేది, పక్కన పెట్టేది. అట్లాంటోణ్ణి, మా ఇంటి వరండా నేలకు ఇన్సులేషన్ చేస్తానని పోయి, నా భార్య పెంచే పట్టుపురుగుల్లో ముప్పాతిక భాగాన్ని మూడు దినాల్లో చంపేసినా. చలికి కాదు. వెచ్చగా పెట్టి చంపినా!

సరే, మొదటినుంచి చెప్తా. ఇంకొక టీ చెప్పు, చక్కెర తక్కువ.

మాది కెలమంగలం పక్క పల్లె, మీకు తెలిసిందే. నా భార్య మంజుల తొమ్మిదేండ్లు హోసూరు దిక్కు గార్మెంట్ కంపెనీకి పోయింది. పొద్దున ఆరుగంటల బస్సు. సీటు దొరికితే ఆ దినం పండగ. ఆడ బాత్‌రూమ్‌కు లేచినా టైమ్ రాసుకునే సూపర్‌వైజరమ్మ. ఈ ఏడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు గోడకు తగిలించి, "ఇంగ నేను పోను. నేను పురుగులు మేపుతా" అనింది. మాకు ఒక ఎకరా మల్బరీ ఉండాది. ఇన్నాళ్ళూ మా అమ్మ మేపేది, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఆమెకు చేతకావడం లేదు. "నేను చెప్తా, నువ్వు చెయ్యమ్మా" అని అమ్మ పనంతా కోడలి చేతిలో పెట్టేసింది.

అంటే ఇది మంజుల సొంతంగా పెట్టిన మొదటి పంట. ఆమె నాకు ఒకటే మాట చెప్పింది: "ఈ పంట గూడు కట్టేదాకా వచ్చిందంటే నేను ఇంట్లోనే ఉంటా. పోయిందంటే మళ్ళ ఆ బస్సే." ఆ సూపర్‌వైజరమ్మ ఇంకా ఫోన్ చేస్తానే ఉండాది, ఎప్పుడొస్తావు, ఎప్పుడొస్తావు అని. ఫోన్ మోగినప్పుడల్లా మంజుల మొహం చూడాల మీరు.

మాకు పురుగులకని వేరే షెడ్డు లేదు. ఇంటి ముందర వరండాకు గ్రిల్ బిగించి, గ్రిల్‌కు లోపల పక్క షీట్లు కొట్టి, రెండు అద్దం కిటికీలు పెట్టి రూమ్ చేసినాము. ఆడనే స్టాండ్లు, స్టాండ్ల మీద వెదురు తట్టలు, మొత్తం పద్దెనిమిది తట్టల పురుగులు. నేల మాత్రం గ్రానైట్. అది వేయించింది కూడా నేనే, క్రిష్ణగిరి నుంచి పాలిష్ రాళ్ళు తెప్పించి. అప్పుడే అమ్మ మొత్తుకునింది, "ఎందుకురా ఈ అద్దం నేల, జారి పడేదానికా?" అని. నేను విన్నానా? ఎండాకాలంలో పండుకుంటే స్వర్గం అది. చలికాలంలో, మార్గళి నెలలో కాలు పెడితే చలి నేరుగా నెత్తికి ఎక్కుతుంది.

పట్టుపురుగుకు చలి పడదు. రూమ్ సల్లబడితే ఆకు తినేది తగ్గించేస్తుంది, మబ్బుగా పడి ఉంటుంది, రోగం తొందరగా తగులుకుంటుంది. దానికి మా అమ్మ దగ్గర పాత మందు ఒకటి ఉండాది. కుంపటి. బొగ్గులు బయటే బాగా ఎర్రబడి, పొగంతా పోయినాక, లోపలికి తెచ్చి మూలన పెడుతుంది. అంతే! ముప్పై ఏండ్లు ఆ కుంపటితోనే పంటలు తీసింది.

"కుంపటి చాలు గదరా ఎంకటేశా" అనింది అమ్మ. చాలు. నిజంగానే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కానీ నా చేతిలో గొడ్డలి ఉండాది గదప్పా, ఊరికే ఎట్ల కూర్చుంటా?

నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న టెంపరేచర్ గన్ ఉండాది. బటన్ నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, డిగ్రీలు చూపిస్తుంది. ఒక పొద్దున దాన్ని పట్టుకొని వరండా అంతా తిరిగినా. గోడకు పెడితే ఇరవై ఒకటి. పైకప్పుకు ఇరవై రెండు. అమ్మ నుదుటికి పెడితే, "తియ్‌రా ఆ పిస్తోలు!" అనింది. నేలకు పెడితే పదహారు!

"దొరికింది! రూట్ కాజ్ దొరికింది!" అని అరిచినా.

మంజుల ఆకు కోస్తా కూర్చోనుండాది, తల కూడా ఎత్తలేదు. నేను లెక్చర్ మొదలుపెట్టినా. కుంపటి వేడి అంతా ఈ రాయి తాగేస్తా ఉండాది, నేలకు ఇన్సులేషన్ చేస్తే వేడి రూమ్‌లోనే నిలబడుతుంది, పురుగులు బాగా తింటాయి, గూడు గట్టిగా కడతాయి. ఐదు నిమిషాలు విని ఆమె అనింది, "పురుగులు నేల మీద లేవు గదయ్యా, తట్టల్లో ఉండాయి."

"నీకు థర్మల్ తెలీదు, ఊరకుండు" అనినా.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాంది.

మీలో పురుగులు పెంచని వాళ్ళకు ఒక సంగతి చెప్పాల, లేకపోతే నేను చేసింది ఎంత ఘోరమో మీకు తెలీదు. పట్టుపురుగుకు ఏ మందూ పడదు, ఏ ఘాటూ పడదు. ఆ రూమ్‌లోకి పోవాలంటే చెప్పులు బయట, కాళ్ళు చేతులు బ్లీచింగ్ నీళ్ళలో కడగాల. పౌడర్ లేదు, సెంటు లేదు, అగరబత్తి లేదు. దోమల బత్తి నెలంతా బంద్. దోమలు మమ్మల్ని పీక్కు తింటా ఉంటాయి, మేము గోక్కుంటా కూర్చుంటాము. పక్క చేన్లో టమోటాకు మందు కొట్టాలంటే ముందు దినమే ఇంటికొచ్చి చెప్పిపోతారు, "రేపు కొడతాండాము, ఆ పక్క ఆకు కొయ్యొద్దమ్మా" అని. గట్టు తగాదాలో మొహాలు చూసుకోని దాయాదులు కూడా ఆ ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండరు. మా పల్లెల్లో అది మర్యాద. మొన్నొక దినం మంజుల తమ్ముడు సెంటు కొట్టుకొని వచ్చినాడని, వాణ్ణి గడప తొక్కనీకుండా కిటికీలోనుంచి కాఫీ అందించింది. సొంత తమ్ముడప్పా! వాడు బయట కుక్క పక్కన నిలబడి తాగి పోయినాడు.

అట్లాంటి ఇంటికి నేను ఏమి తెచ్చినానో వినండి.

నారాయణప్ప అని నాతో బడిలో చదువుకున్నోడు ఒకడు ఉండాడు. బాగలూరు దిక్కు రోజాపూల పాలీహౌస్‌లో పని. ఆ పాలీహౌస్‌ను విప్పేస్తాండారు. ఫోన్లో నేను నేల గురించి చెప్తానే వాడు, "ఈడ నడిచే దారుల్లో వేసిన కొబ్బరిపీచు చాపలు ఉండాయప్పా, ఇంత మందం. సుమ్మనే, ఊరికే పడుండాయి. వచ్చి ఎత్తుకొని పో" అన్నాడు.

నేను పోయినా. కంపెనీలో పార్టుల మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకొని పోయినా. నవ్వండి, నవ్వండి! మందం నాలుగు చోట్ల చూసినా. పొడవు చూసినా, వెడల్పు చూసినా. తడి ఉందేమో అని పిండి చూసినా. చెదలు పట్టిందేమో అని విరిచి చూసినా. చెదలు లేదు. చీమ లేదు. ఒక్క పురుగు లేదు. ఇన్నేండ్లు నేల మీద పడున్న కొబ్బరిపీచులో ఒక్క చీమైనా ఎందుకు లేదు అని బుర్ర ఉన్నోడైతే ఆలోచిస్తాడు. నేను "ఫస్ట్ క్వాలిటీ!" అన్నా.

"యాడికి వేస్తావప్పా?" అన్నాడు నారాయణప్ప.

"వరండా నేలకు" అన్నా.

"భలే ఉంటుంది" అన్నాడు. టెంపోకు ఎత్తించినాడు పాపం, చెమటలు కక్కుతా.

ఆదివారం పొద్దున పని మొదలు. చాపలు దించుతానే అమ్మ దగ్గరికొచ్చి ఒకటి ముక్కు దగ్గర పెట్టుకునింది. "ఏదో వాసన వస్తాందిరా."

"కొత్త వాసనమ్మా" అన్నా.

"పాత చాపకు కొత్త వాసన ఏమిరా?"

జవాబు లేకపోతే ఏం చేస్తాము? గొంతు పెంచుతాము. "నువ్వు అన్నిటికీ అడ్డం పడతావు!" అనినా. పాపం, ముసలామె మోకాళ్ళు పట్టుకొని లోపలికి పోయింది. మంజుల కూడా రవంత వెనకాడింది. "ఎండలో రెండు దినాలు వేస్తామా?" అనింది. మార్గళిలో ఎండ యాడిది? పైగా సోమవారం నాకు డ్యూటీ. ఈ ఒక్క దినమే చేతిలో ఉండాది. "నన్ను నమ్ము" అనినా. మగోడు "నన్ను నమ్ము" అంటే ఆడది అప్పుడే చాప చుట్టి బయట పారెయ్యాలప్పా. ఆమె పారెయ్యలేదు, నమ్మింది.

స్టాండ్లన్నీ ఒక పక్కకు జరిపి సగం నేల చేసినా, మళ్ళ ఈ పక్కకు జరిపి మిగతా సగం. కింద ప్లాస్టిక్ షీటు. దాని మీద కొబ్బరిపీచు చాపలు, సందు లేకుండా. దాని మీద ప్యాకింగ్ ప్లైవుడ్. అంచులకు టేపు. వదిలిపెట్టినానా? కిటికీ సందులకు కూడా టేపు కొట్టినా, వెచ్చని గాలి బయటికి పోకూడదని. సాయంత్రం అమ్మ కుంపటి పెట్టింది. గంట ఆగి గన్ పెట్టి చూస్తే నేల ఇరవై మూడు!

ఇరవై మూడప్పా! ఫోటో తీసి స్టేటస్ పెట్టినా. మీలో నలుగురు బొటనవేలు కూడా పెట్టినారు, ఇప్పుడు తప్పించుకోవద్దు.

మంజుల చెప్పుల్లేని కాలు ప్లైవుడ్ మీద పెట్టి, రెండో కాలు కూడా పెట్టి, "నిజంగానే వెచ్చగా ఉందయ్యా" అనింది. అని నవ్వింది. నిజం చెప్పాలంటే నేను చేసిందంతా ఆ నవ్వు కోసమే. తొమ్మిదేండ్లు ఆమె ఆరుగంటల బస్సుకు పరిగెత్తేది చూసినోణ్ణి. ఈ పంట నిలబడాలని ఆమెకంటే నాకే జాస్తి ఆశ ఉండింది, ఎవరితో చెప్పుకుంటా?

సోమవారం పురుగులు బాగానే తిన్నాయి. మంగళవారం సాయంత్రం ఇంటికి పోతే మంజుల, "ఆకు మిగిలిపోతాందయ్యా" అనింది. మబ్బు పట్టింది గదా, దానికని అనినా. పైగా పురుగులు నాలుగో జ్వరానికి దగ్గరగా ఉండాయి. జ్వరం అంటే రోగం కాదప్పా, పురుగు పాత చర్మం వదిలేముందు తిండి మానేసి నిద్రపోతుంది గదా, మా దిక్కు దాన్ని జ్వరం అంటాము. "జ్వరానికి పోతాండాయిలే" అనినా. ఆదివారం నేను అరిచినాక అమ్మ నాతో మాట్లాడేది తగ్గించింది.

బుధవారం పొద్దున డ్యూటీకి ముందు ఒకసారి చూసి పోదామని తలుపు తీసినా. మామూలుగా ఆ రూమ్‌లో అడుగు పెడితే పురుగులు ఆకు కొరికే సద్దు ఉంటుంది, సన్నగా, ఆగకుండా. ఆ పొద్దున ఏ సద్దూ లేదు. తట్టలోకి వంగి చూస్తే పురుగులన్నీ తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతాండాయి. కింది తట్టల్లో అన్నీ! అటూ ఇటూ, అటూ ఇటూ.

నాకేమి తెలుసు? నేను ఇంట్లోకి చూసి గట్టిగా అరిచినా, "అమ్మా! మంజులా! రండి, చూడండి! వెచ్చగా ఉందని తలలు ఊపతా ఆడుకుంటాండాయి!"

అమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పరిగెత్తింది. ఒక్క చూపు చూసింది. "అయ్యో దేవుడా! ఆట కాదురా పాపిష్టోడా, విషం! విషం తగిలింది!" అని తల మీద కొట్టుకునింది. జ్వరంలో ఉండే పురుగు తలెత్తి కదలకుండా ఉంటుందంట. తల ఊపిందంటే మందు తగిలినట్టు. నా కండ్ల ముందరే ఒక్కొక్కటి పచ్చని నీళ్ళు కక్కుతా, ఒళ్ళు ముడుచుకొని, వేలంత పురుగు గోరంత అయిపోతా ఉండాది.

మంజుల వచ్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండు! నేను బ్రహ్మాండంగా కొట్టిన టేపంతా గోర్లతో పీకి కిటికీలు తెరిచింది. తట్ట ఎత్తింది, లోపలికి పోయింది, వచ్చింది, ఇంకొక తట్ట ఎత్తింది. నేను కూడా ఒకటి ఎత్తబోయినా.

"నువ్వు ముట్టుకోవద్దు" అనింది.

"చేతులు కడుక్కున్నానమ్మా."

"ముట్టుకోవద్దు."

నేను గడప బయట నిలబడినా, కంపెనీ యూనిఫామ్ వేసుకొని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక. ఆడనుంచే నారాయణప్పకు ఫోన్ చేసినా.

"నారాయణప్పా! ఆ చాపల మీద ఏమి కొట్టినార్రా?"

"ఏమి కొట్టలేదో అడుగప్పా" అన్నాడు వాడు, నిద్రమొహంతో. "ఎర్రనల్లికి ఒకటి, పేనుకు ఒకటి, తామరపురుగుకు ఒకటి, బూజుకు ఒకటి. వారానికి రెండుసార్లు. రోజాపూలంటే ఊరికే వస్తాయా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పురుగుల రూమ్‌కని చెప్పలేదు గదప్పా. నేలకన్నావు. నేలకు ఏమవుతుంది?"

ఫోన్ పెట్టేసినా. వాడి తప్పేముంది? మేము నడిచినప్పుడల్లా ప్లైవుడ్ సందుల్లోనుంచి పీచు దుమ్ము లేస్తా ఉండింది, నేను దాన్ని చూసినా కూడా. రంపపు పొట్టు అనుకున్నా. పక్క చేనోడు తన మందు గురించి ముందు దినం వచ్చి చెప్పిపోతాడు. నేను మాత్రం పాలీహౌస్‌లో ఏండ్ల తరబడి కొట్టిన మందులన్నీ టెంపోలో ఎక్కించుకొని, ఇంట్లోకి తెచ్చి, అంచులకు టేపు కొట్టి, పైన కుంపటి కూడా పెట్టించినా. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే, నేనైతే గోక్కొని దువ్వెనతో దువ్వుకున్నా కూడా.

ఆ దినం లీవు పెట్టినా. మీకు జ్వరం అని చెప్పినా గదా. అబద్ధం కాదు, ఎవరికి అని మాత్రం చెప్పలేదు.

పొద్దు వాలేదాకా మంజుల, అమ్మ ఇద్దరూ లోపల కూర్చొని బతికినవి వేరుగా, పోయినవి వేరుగా ఏరినారు. ఒక్కొక్క పురుగును ఆకు ముక్కతో తాకి చూసేది, ఆకు పట్టుకుంటే ఇటు, పట్టుకోకపోతే అటు. నాకు ఇచ్చిన పని గుంత తవ్వేది. పోయిన పురుగుల్ని కోళ్ళు తినకుండా దూరంగా పూడ్చి సున్నం, బ్లీచింగ్ చల్లాల. మన కంపెనీలో అలవాటు ఉంది గదా, ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడిగేది? గుంత తవ్వతా నేను అదే చేసినా. పురుగులు ఎందుకు చచ్చినాయి? మందు వల్ల. మందు యాడనుంచి వచ్చింది? చాపల్లోనుంచి. చాపలు ఎవరు తెచ్చినారు? నేను. అడక్కుండా ఎందుకు తెచ్చినావు? నాకన్నీ తెలుసని. నీకన్నీ తెలుసని నీకెవరు చెప్పినార్రా? ఆడికొచ్చేసరికి గునపం పక్కన పెట్టి గుంత అంచున కూర్చుండిపోయినా.

మంజుల మొదటి తట్ట తెచ్చి గుంతలో ఒంపింది. ఇంకొకటి తెచ్చింది. ఆరో తట్టకో ఏడో తట్టకో ఆమె గుంతలోకి వంగి చూసింది. "నిన్న పొద్దున వీటికి నా చేత్తో ఆకు వేసినాను" అనింది, నాతో కాదు, గుంతతో. "నన్ను రెండు దెబ్బలు కొట్టు మంజులా" అనినా. "కొడితే ఇవి లేస్తాయా?" అని ఖాళీ తట్ట ఎత్తుకొని పోయింది.

పద్దెనిమిది తట్టల్లో మిగిలింది నాలుగు. అవీ కిటికీ పక్కన, పై వరసలో ఉండినవి. మిగతావన్నీ నేను చలి నుంచి కాపాడేసినా.

మర్నాడు చాపలు మళ్ళ టెంపోకు ఎక్కించినా. తగలబెడదామంటే పొగ మల్బరీ ఆకు మీద పడుతుంది. పారేద్దామంటే ఇంకొకరి చేను. నారాయణప్ప దగ్గరికే తీసుకొనిపోతే, "వాపసు తీసుకోమప్పా" అన్నాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆడ దించి వచ్చినా. వరండాను మూడుసార్లు కడిగినాము, సోడాతో ఒకసారి, బ్లీచింగ్‌తో ఒకసారి, సున్నం నీళ్ళతో ఒకసారి. ఆ పొద్దున అరిచినాక అమ్మ నాతో మళ్ళ నోరు తెరిచింది అప్పుడే. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనింది. అని చీపురు నా చేతికిచ్చింది.

మిగిలిన నాలుగు తట్టల్ని ఆ వరండాలో ఇంగ పెట్టేదానికి లేదు. మందు వాసన ఏ మూలన మిగిలిందో ఎవరికి తెలుసు? అందుకని అవి వరండా దిక్కు తలుపుండే మా పడకరూమ్‌కు వచ్చినాయి. మా మంచం మీద నాలుగు తట్టలు, మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమలు ఎక్కకుండా. మంజుల కింద చాప వేసుకొని వాటి పక్కనే పండుకుంటుంది. అమ్మ హాల్లో. కుంపటి రూమ్‌లో మూలన, పాత పద్ధతిలో. నాకు రూమ్‌లోకి ప్రవేశం లేదు. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకొని, ఆకు గంప గడప దగ్గర పెట్టి నిలబడతా, ఆమె లోపలికి లాక్కుంటుంది. కంపెనీలో నేను రిజెక్ట్ చేసిన పార్టుల్ని ఒక పక్కన కంచె కట్టి పెడతాము చూడండి, ఇంట్లో ఆ కంచె వెనక నేనుండాను.

నాలుగో దినం ఆ సూపర్‌వైజరమ్మ మళ్ళ ఫోన్ చేసింది. స్పీకర్‌లో వినబడింది. "ఏమి మంజులా, సోమవారం నుంచి వస్తావా?" నేను గడప దగ్గర ఆకు గంపతో నిలబడినోణ్ణి అట్లనే ఉండిపోయినా. చేతులారా ఆమెను మళ్ళ ఆ బస్సు ఎక్కించినా అనుకున్నా.

మంజుల తట్టల దిక్కు చూసింది. బతికినవన్నీ నాలుగో జ్వరంలోనుంచి లేచి, ఆకలితో ఆకు మీద పడి తింటాండాయి. ఆ సద్దు గడప దాకా వినబడుతాంది.

"లేదు మేడమ్, రాను. ఇంట్లో నాలుగు తట్టలు పురుగులు ఉండాయి" అనింది.

"నాలుగు తట్టలకేనా?" అని ఆమె నవ్వింది.

"నాలుగు తట్టలకే" అనింది మంజుల, ఫోన్ పెట్టేసింది. నా దిక్కు తిరిగి, "ఏమి చూస్తా నిలబడినావు, ఆకు ఇయ్" అనింది. మూడు దినాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాటప్పా అది! నేను గంప ఇచ్చేసి, బావి దగ్గరికి పోయి మొహం కడుక్కొని వచ్చినా. కడుక్కోవాల్సిన మొహమే.

ఇంగ నేను పండుకునేది యాడ? వరండాలో. గ్రానైట్ మీద. మూడుసార్లు కడిగినాము గదా, రాయి ఇంకా తేమ ఆరలేదు. కింద ఒక చాప, పైన ఒక కంబళి, చెవులకు మఫ్లర్. మొదటి దినమే నాకు అర్థమయింది, నా లెక్క తప్పు కాదు, ఆ నేల నిజంగానే ఘోరమైన చలి. గన్ పెట్టి చూడాల్సిన పని కూడా లేదు, నడుముకే తెలిసిపోతాంది.

ఈ పొద్దున ఐదున్నరకు మెలకువ వచ్చింది. పండ్లు టకటక కొట్టుకుంటాండాయి. అప్పుడే మంజుల తలుపు తీసుకొని బయటికి వచ్చింది. చెప్పుల్లేని కాలు నేల మీద పెట్టి, "అబ్బా!" అని వెనక్కి తీసుకునింది. "ఇంత సల్లగా ఉందా!"

నా గుండె కరిగిపోయిందప్పా. ఎంతైనా పెండ్లాం గదా! ఇంగ లోపలికి రమ్మంటుంది, లేదంటే ఇంకొక కంబళైనా తెచ్చి కప్పుతుంది అనుకొని, నేను రవంత జాస్తిగానే వణికినా, బాగా కనపడాలని.

ఆమె వంగింది. నా మీదున్న కంబళిని మెల్లగా పట్టుకునింది. పూర్తిగా లాగేసుకునింది.

"ఏమే?"

"ఈ చలిగాలంతా తలుపు కింద సందులోనుంచి రూమ్‌లోకి పోతాంది" అనింది. కంబళిని ముక్కు దగ్గర పెట్టుకొని ఒక మూల వాసన చూసింది, ఇంకొక మూల చూసింది, పరవాలేదన్నట్టు తల ఊపి, మడత పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకునింది. సందులో కంబళి కుక్కినట్టుంది, కింద కనపడే లైటు కూడా ఆగిపోయింది.

నేను లేచి కూర్చున్నా. కోపం రాలేదు. తలుపుకు చెవి పెట్టి విన్నా, లోపల పురుగులు ఆకు కొరుకుతాండాయి. ఒప్పుకోవాలప్పా, ఇన్ని దినాలకు మా ఇంట్లో నా ఇన్సులేషన్ ఒకటి పాసయింది.